మూడో చదరం

"కొలిచింది నేనేనండీ," అంది గుమాస్తా. "మూడడుగులు ఉండాల్సింది నాలుగున్నర ఉంది. మినిట్స్ పుస్తకంలో రాశాను కూడా."

డిటెక్టివ్ పుస్తకాన్ని తనవైపు తిప్పుకుంది. "ఏదీ, కనబడదేం?"

"కొట్టేయమన్నారు. కొట్టేశాను."

కొట్టివేత కూడా పొందిగ్గా ఉంది. స్కేలు పెట్టి గీసిన ఒకే ఒక్క గీత. 'మూడవ నమూనా పరిమాణం నిబంధనకు విరుద్ధం' అన్న అక్షరాలు ఆ గీత కింద స్పష్టంగా చదవొచ్చు. భయపడే మనిషి గీసిందే, కానీ అబద్ధం రాయడం చేతకాని మనిషి గీసింది.

శుక్రవారం ఉదయం తొమ్మిదీ ఇరవై. కాగితాల మీద ఆ ఆఫీసు పేరు భవన బాహ్యరూప పరిశీలక సంఘం. జనం నోట్లో రంగుల కమిటీ. నగరం నడిబొడ్డున ఏ భవనానికి వీధివైపు రంగు మార్చాలన్నా, ముందు ఆ గోడ మీదే మూడు రంగులు మూడు చదరాలుగా వేసి చూపించాలి. కమిటీ వచ్చి, తలెత్తి చూసి, తలలాడించి, ఒకదానికి ముద్ర వేయాలి. ఆ ముద్ర పడేదాకా కిటికీ చట్రానికి కూడా కుంచె తగలకూడదు.

మూలమీది అయిదంతస్తుల భవనానికి ఆ చదరాలు వేసిన పెద్ద మేస్త్రి, బుధవారం ఉదయం ఆరూ పదికి నాలుగో అంతస్తు ఎత్తున పరంజా మీంచి పడి చచ్చిపోయాడు. ముప్ఫై నాలుగేళ్ళు పరంజాల మీదే బతికినవాడు. కాలు జారిందని పోలీసులు రాసుకున్నారు. ఆయన కాలు జారే మనిషి కాడని భార్య అంది. ఆ ఒక్క మాట పట్టుకుని ఈ ప్రైవేటు డిటెక్టివ్ రెండు రోజులుగా తిరుగుతోంది. ఈ మధ్యాహ్నం పన్నెండింటికి పరంజా విప్పేస్తున్నారు. విప్పేశాక ఆ గోడ దగ్గరికి చేరాలంటే రెక్కలు కావాలి.

"ఆరింటికి మనిషి చచ్చాడు," అంది డిటెక్టివ్. "పదకొండింటికి మీరంతా రంగు చూడ్డానికి వెళ్ళారు."

గుమాస్తా కళ్ళజోడు తీసి పైటకొంగుతో తుడుచుకుంది. "వాయిదా వేద్దామన్నానండీ. అందరూ మళ్ళీ ఒకే రోజు దొరకరన్నారు. మేం వెళ్ళేసరికి కింద నీళ్ళు కొట్టి కడిగించేశారు."

"మిమ్మల్ని అనడం లేదు. ఫొటోలు చూపించండి."

రెండే ఫొటోలు. మొదటిది మంగళవారం సాయంత్రం అయిదూ నలభైకి తీసింది. నాలుగో అంతస్తు గోడ మీద రెండు కిటికీల నడుమ మూడు చదరాలు. మీగడ రంగు, ఇటుక రంగు, ముదురు బూడిద. మూడూ ఒకే కొలత, అంచులు కత్తితో కోసినట్టున్నాయి. రెండోది బుధవారం పదకొండూ పదికి తీసింది. మీగడా ఇటుకా ఎక్కడివక్కడే ఉన్నాయి. బూడిద మాత్రం కుడివైపు కిటికీ మూలదాకా పాకింది.

డిటెక్టివ్ సంచిలోంచి భూతద్దం తీసి మొదటి ఫొటో మీద వంగింది. కిటికీ మూలలో, తర్వాత బూడిద రంగు కిందికి పోయిన చోట, గోడ మీద వేలెడంత మెరుపు గీత ఒకటి అడ్డంగా ఉంది.

"ఇదేంటి?"

"తెలీదండీ. ఫొటో మీద గీత పడిందేమో అనుకున్నాను." గుమాస్తా సొరుగు లాగి కొలత టేపు బయటపెట్టింది. "ఇది చూడండి. నా టేపు పాడైంది."

ఇనుప టేపు మీద నాలుగున్నర అంకె దగ్గర బొటనవేలంత బూడిద మరక, ఎండి గట్టిపడి ఉంది.

డిటెక్టివ్ చూపు ఆ మరక మీదే ఆగిపోయింది. "పదకొండూ పదికి కొలిచినప్పుడు అంటుకుందా?"

"అవునండీ. చేతికి కూడా."

"మంగళవారం వేసిన రంగు బుధవారం పదకొండింటికి మీ చేతికెలా అంటుకుందని ఎవర్నైనా అడిగారా?"

"ఎవర్ని అడగను? వేసినాయన చచ్చిపోయాడు కదండీ." అనేసి గుమాస్తా తన మాట తనే విన్నట్టు ఆగిపోయింది. చేతిలో కళ్ళజోడు పెట్టుకోవడం మర్చిపోయింది.

"ఆ గీత కొట్టేయమన్నది ఎవరు?"

"పెద్దాయన." కమిటీ అధ్యక్షుణ్ణి ఆ ఆఫీసులో అందరూ అలాగే అంటారు. "చచ్చిపోయిన మనిషి చేసిన పనికి కొలతలేంటమ్మా, పోనీ అన్నారు. నిజమే కదా అనిపించింది."

"ముద్ర దేనికి పడింది?"

"బూడిద రంగుకి. పది నిమిషాల్లో." గుమాస్తా గొంతు తగ్గించింది. "ఆయనకి ముదురు రంగులంటే పడదండీ. వీధికి ఏడుపుముఖం వస్తుందని రెండేళ్ళలో పదకొండు దరఖాస్తులు తిప్పికొట్టారు. దీనికి యజమాని అడిగింది కూడా మీగడ రంగే. మూడో నమూనాగా బూడిద చేర్చమన్నది పెద్దాయనే. మామూలు రంగు కూడా కాదండీ అది. రబ్బరులా మందంగా ఉంటుంది, గోడకి తొడుగేసినట్టు."

డిటెక్టివ్ కుర్చీ ముందుకి జరుపుకుంది. గోడని మూసేసే రంగు. పెరిగిన చదరం. "పాత భవనానికి రంగు వేయాలంటే కట్టడం గట్టిగా ఉందని కాగితం జతచేయాలి కదా? దాని మీద సంతకం ఎవరిది?"

గుమాస్తా ఫైలు తెరిచి, ఒక కాగితం దగ్గర ఆపి, బల్ల మీద పెట్టింది. "మంచినీళ్ళు తాగొస్తానండీ. అయిదు నిమిషాలు పడుతుంది," అని లేచి వెళ్ళిపోయింది.

కాగితానికి పద్నాలుగు నెలల వయసు. కట్టడం దృఢంగా ఉందనీ, పదేళ్ళదాకా భయం లేదనీ ఉంది. కింద పొడవాటి తోకతో సంతకం. దాని కింద టైపు చేసిన పేరు కమిటీ పెద్దాయనది. అధ్యక్షుడు కాకముందు ఆయన కట్టడాల ఇంజనీరు.

డిటెక్టివ్ ఫోన్లో ఫొటో తీసుకుంది. ఆ తోక సంతకం ఆమె ఇంతకుముందే ఎక్కడో చూసింది. ఎక్కడో గుర్తొచ్చేసరికి ఆమె మెట్ల మీద సగం దూరంలో ఉంది. అక్కడే ఆగి, సంచిలోంచి మేస్త్రి భార్య ఇచ్చిన పంచనామా నకలు తీసి, చివరి పేజీ చూసి, మళ్ళీ మడిచి పెట్టుకుంది.

* * *

పదీ అయిదు. మూల భవనం నాలుగో అంతస్తులో వీధివైపు గది. అద్దెకున్నవాళ్ళు ఖాళీ చేసి వెళ్ళాక రెండు కుర్చీలు, తలుపులేని బీరువా మిగిలాయి. మేస్త్రీలు రంగు డబ్బాలు అందులో పెట్టుకున్నారు. కిటికీ దాటితే పరంజా.

ఒక కుర్చీలో పెద్ద మేస్త్రి భార్య కూర్చుని ఉంది. భర్త పనిముట్లు గుర్తుపట్టడానికి డిటెక్టివే రమ్మంది. ఒళ్ళో గోడ గీకే రేకు పెట్టుకుని, దాని అంచుకి అంటిన సున్నాన్ని గోటితో తీస్తోంది.

కిటికీ దగ్గర ఇన్‌స్పెక్టర్ నిలబడి ఉన్నాడు.

"మీరొస్తారని తెలుసు మేడమ్," అన్నాడు. "పరంజాలెక్కే వయసా ఇది?"

ఒకప్పుడు ఆమె కింద పనిచేసినవాడు. అక్కా అని పిలిచేవాడు. ఆమె ఇంటినుంచి తెచ్చుకున్న డబ్బాలోంచి అడక్కుండా తినేవాడు. ఎనిమిదేళ్ళ కిందట ఒక పంచనామాలో వేళ మార్చి రాశాడు. విచారణలో తల దించుకుని, "అక్క చెప్పినట్టే రాశానండీ," అన్నాడు. ఆమె ఉద్యోగం పోయింది. ఆమె కుర్చీ అతనికొచ్చింది. అప్పట్నుంచీ మేడమ్ అంటున్నాడు. స్టేషన్‌లో అందర్నీ అరగదీస్తుందని ఆమెకి చాటుగా పెట్టిన 'ఆకురాయి' అన్న పేరు కూడా అతను పెట్టిందేనని ఆమెకి తర్వాతెప్పుడో తెలిసింది.

"వయసు కాదు," అంది. "ఎక్కాల్సినవాళ్ళు కిందే ఉండిపోతే నాకు తప్పట్లేదు."

"కేసు మూసేశాను. పన్నెండింటికి పరంజా దిగుతుంది. అడ్డం పడితే ప్రభుత్వ విధులకి ఆటంకమని రాస్తాను."

"రాయి. రాయడంలో నీకు సాటిలేరు. బుధవారం ఇక్కడికి ఎన్నింటికొచ్చావు?"

"ఆరూ యాభైకి."

"శవాన్ని ఎప్పుడు తీశారు?"

"ఏడూ నలభైకి. పంచనామాలో ఉంది కదా."

"అంతసేపూ కిందే, శవం దగ్గరే ఉన్నావా?"

"అక్కడే ఉన్నాను. ఎవరు చెప్పమన్నా చెబుతాను."

డిటెక్టివ్ బీరువాలోంచి మందపాటి బూడిద రంగు డబ్బా తీసి, పక్కకి తిప్పి పట్టుకుంది. "చదువు. చేతికి అంటకుండా ఆరడానికి ఎంతసేపని ఉంది?"

అతను చదవకుండానే భుజాలెగరేశాడు. ఆమె డబ్బా దించలేదు. చివరికి చదివాడు. "నాలుగు గంటలు."

"పదకొండూ పదికి కమిటీ గుమాస్తా టేపుకి ఈ రంగు అంటుకుంది. వెనక్కి లెక్కేసుకో. ఏడూ పది తర్వాత వేసిన రంగది. ఆయన చచ్చింది ఆరూ పదికి."

"ఆ రోజు మబ్బుపట్టి ఉంది. మబ్బుకి రంగు ఆలస్యంగా ఆరుతుంది. ఆయనే పడబోయే ముందు వేసి ఉంటాడు."

"అలాగా?" పంచనామా తీసింది. "ఇది నువ్వు రాసిందే. 'మృతుని రెండు అరచేతులకూ తెల్లని సున్నపు పొడి గలదు. మరి యే మరకయు లేదు. ప్రక్కన గీకుడు రేకు ఒకటి, టార్చి ఒకటి.' కుంచె లేదు. రంగు లేదు. గోడంత రంగు వేసిన మనిషి చేతికి చుక్క అంటలేదా?"

ఇన్‌స్పెక్టర్ పంచనామా కోసం చెయ్యి చాపాడు. ఆమె ఇవ్వలేదు.

"నువ్వు కింద కూర్చుని పంచనామా రాస్తున్నావు," అంది ఆమె, గొంతు పెంచకుండా. "సరిగ్గా నీ నెత్తి మీద, ఇదే గోడకి, సాక్ష్యం మీద ఎవరో కుంచెతో రంగు పూస్తున్నారు. తలెత్తితే కనబడేది. నువ్వు తలెత్తలేదు."

అతని మొహం నల్లబడింది. ఆమెకి సంతోషం కలగలేదు. ఎనిమిదేళ్ళుగా ఇలాంటి క్షణం కోసం ఎదురుచూసింది. తీరా వచ్చాక అది చల్లారిన టీలా ఉంది.

ఆమె కిటికీలోంచి పరంజా మీదికి దిగింది. పలక కదిలింది. మోకాలు కలుక్కుమంది. పైన అయిదో అంతస్తు దగ్గర ఎవరో తాళ్ళు విప్పుతున్నారు. చనిపోయినాయన తమ్ముడు. పనిలో అందరూ చిన్న మేస్త్రి అంటారు. కింద ఎవరున్నారో చూసి, అతని చేతులు ఆగిపోయాయి.

ఆమె మూడో చదరం కుడి అంచు దగ్గర బ్లేడుతో గాటు పెట్టి లాగింది. రంగు తోలులా ఊడొచ్చింది. రంగు పట్టుకోడానికి ముందు వేసే ప్రైమర్ కింద లేదు. ఎడమ సగం దగ్గర ఇంకో గాటు పెట్టింది. అక్కడ ప్రైమర్ ఉంది, రంగు పట్టు వదల్లేదు. మొదటి మూడడుగులూ ఒక చెయ్యి, తర్వాతి అడుగున్నరా ఇంకో చెయ్యి. లేదా అదే పని తెలిసిన చెయ్యి, వణుకుతూ.

ఊడిన ముక్క కింద గోడలో పగులు కనిపించింది. కిటికీ మూలనుంచి కిందికి ఏటవాలుగా పోతోంది. దానికి అడ్డంగా సన్నటి గాజుపట్టీ, రెండు చివర్లా ప్లాస్టర్‌తో అతికించి ఉంది. ఫొటోలోని మెరుపు గీత అదే. పగులు నిద్రపోతోందా, నడుస్తోందా తెలుసుకోడానికి పాతకాలం మేస్త్రీలు చేసే పని అది. గోడ కదిలితే గాజు తట్టుకోలేదు.

గాజు మధ్యకి విరిగి ఉంది. పక్కనే గోడ మీద పెన్సిల్ అక్షరాలు. 'పెట్టింది 3. విరిగింది 11. మళ్ళీ పెట్టింది 11. విరిగింది 14.'

పద్నాలుగో తేదీ అంటే మంగళవారం. మొదటి గాజు ఎనిమిది రోజులు ఆగింది. రెండోది మూడు రోజులే.

"దిగి రా," అంది ఆమె తల పైకెత్తి. "మీ వదిన లోపలుంది."

* * *

చిన్న మేస్త్రికి నలభై దాటాయి. మనిషి భారీగా ఉంటాడు గానీ గదిలోకొచ్చాక ఎక్కడ నిలబడాలో తెలియనట్టు గోడకి ఒదిగిపోయాడు.

"బుధవారం ఎన్నింటికొచ్చావు?" అడిగింది డిటెక్టివ్.

"ఆరూ ఇరవై అయిదుకండీ. వాచ్‌మన్ ఫోన్ చేస్తే వచ్చాను."

"పోలీసులు వచ్చేదాకా ఎక్కడున్నావు?"

"అన్న దగ్గరే."

"వచ్చాక?"

"నీరసమొస్తే పైకొచ్చి కూర్చున్నానండీ."

"ఏడూ పదినుంచి ఏడున్నర దాకా?"

"టైము చూసుకోలేదండీ."

"ఈ రంగుల గది తాళం చెవులు రెండు. ఒకటి మీ అన్న జేబులో దొరికింది. రెండోది?"

అతని చెయ్యి జేబు మీదికి పోయింది.

"రెండోది ఎవరి దగ్గరుందిరా?" కుర్చీలోంచి వదిన అడిగింది. అంతవరకూ ఆమె గదిలో ఉన్నట్టే లేదు. "చెప్పు. ఆవిడ అడుగుతున్నారు."

"నా దగ్గరే వదినా."

ఆమె ఒళ్ళోంచి రేకు తీసి నేలమీద పెట్టింది. "నువ్వు ఇంటికొచ్చి కబురు చెప్పింది ఎనిమిదిన్నరకి. గుమ్మంలో నిలబడి ఏడుస్తున్నావు. నీ చెయ్యి పట్టుకుని లోపలికి లాగాను. నా చెయ్యంతా బూడిద రంగైంది. అప్పటికి నాకేం తెలుసు? పని మధ్యలోంచి వచ్చావనుకున్నాను. ముందు నిన్ను పంపు దగ్గర కూర్చోబెట్టి, సబ్బు పెట్టి, నీ వేళ్ళు ఒక్కొక్కటీ నేనే రుద్ది కడిగాను. ఆ తర్వాత చెప్పావు నువ్వు, ఆయన పోయాడని."

"వదినా…"

"పదేళ్ళవాడివి మా ఇంటికొచ్చినప్పుడు. ఎన్నిసార్లు కడిగానో ఆ చేతులు." ఆమె గొంతులో ఏడుపు లేదు. అదే భరించలేకుండా ఉంది. "ఆయన కింద పడున్నాడు. నువ్వు పైన రంగేస్తున్నావు."

చిన్న మేస్త్రి అలాగే గోడకి జారి కింద కూర్చున్నాడు. రెండు చేతులూ చంకల్లో దాచుకున్నాడు.

"అన్న పేరు చెడకూడదని చేశాను వదినా. నా బిడ్డ మీద ఒట్టు. అన్న గోడ చెక్కుతూ ఉలిదెబ్బకి పగలగొట్టాడని చెప్పారు. పదకొండింటికి అందరూ వచ్చి ఆ పగులు చూస్తే, చచ్చినవాణ్ణి కూడా వదలరు, తప్పంతా అతని మీద రాస్తారన్నారు. చదరం కొంచెం పెంచు, అంతే, మీ అన్న మర్యాద నిలబడుతుందన్నారు. నేను పైకెక్కేసరికి నా కళ్ళకేం కనబడలేదు. గాజు ఉందో లేదో కూడా చూడలేదు. కళ్ళనిండా నీళ్ళే."

"ఎవరన్నారు?" అడిగింది డిటెక్టివ్.

"రంగుల కమిటీ పెద్దాయన."

ఇన్‌స్పెక్టర్ నవ్వాడు. "బాగుంది. ఆయన వచ్చింది పదకొండింటికిరా. కమిటీతో కలిసి."

"కాదండీ. నేనొచ్చేసరికే ఉన్నారు. ఈ మెట్లమీంచే దిగి వస్తున్నారు. బూట్ల నిండా సున్నం. ఆ టైములో ఆయనకిక్కడేం పనని నాకప్పుడు తట్టలేదు." చిన్న మేస్త్రి ముక్కు తుడుచుకున్నాడు. "గాజు విరిగిందని మంగళవారం సాయంత్రం అన్నే ఆయనకి ఫోన్ చేశాడు. పొద్దున్నే వచ్చి మీ కళ్ళతో చూడండి, మీరు చూశాకే రంగు వేస్తానన్నాడు. నా ముందే మాట్లాడాడు."

"రేయ్, ఎవరి మీద మాట్లాడుతున్నావో తెలుసా? సాక్ష్యం ఉందా నీ దగ్గర?"

"నీ దగ్గరుంది," అంది డిటెక్టివ్.

పంచనామా చివరి పేజీ తిప్పి అతని చేతికిచ్చింది. పక్కన ఫోన్ పెట్టింది. పద్నాలుగు నెలల నాటి కాగితం మీద పొడవాటి తోక సంతకం. పంచనామా కింద, రెండో సాక్షి అన్నచోట, అదే తోక.

"ఏడూ అయిదుకి నువ్వే సంతకం పెట్టించుకున్నావు. పదకొండింటికి రావాల్సిన మనిషి ఏడింటికి ఇక్కడెందుకున్నాడని అడిగావా?"

ఇన్‌స్పెక్టర్ ఆ రెండు సంతకాల కేసి చూశాడు. కాగితం పట్టుకున్న చెయ్యి కిందికి దిగిపోయింది. "పెద్దమనిషి… వాకింగ్‌కి వచ్చానన్నాడు. సాక్షి దొరక్క ఇబ్బంది పడుతుంటే తనే ముందుకొచ్చి పెట్టాడు. కమిటీ పెద్దాయన ఆయనేనని నాకు తెలీదు." పంచనామా ఆమెకి తిరిగిచ్చేస్తూ అన్నాడు: "పరంజా తొందరగా దించేయమని ఈ పొద్దున ఎనిమిదింటికి కమిటీ పెద్దాయన పేరుతోనే ఫోన్ కూడా వచ్చింది."

"దించి, గొడవ సద్దుమణిగాక మళ్ళీ కట్టి, బూడిద రంగు గోడంతా పట్టించేస్తే ఇంకో ఏడాది గడుస్తుంది. ఈ గోడ గట్టిదని సంతకం పెట్టింది ఆయనే. ఆ తర్వాత గోడ పడినా, ఎప్పటి మాటో కదా అనొచ్చు." ఆమె పెద్ద మేస్త్రి భార్య వైపు చూడలేకపోయింది. "తోశాడో, లాగాడో, ఆయనే చెప్పాలి. కానీ మీ ఆయన పడినప్పుడు పరంజా మీద ఒంటరిగా లేడమ్మా."

ఆమె తలూపింది. ఇది తనకి ముందే తెలుసన్నట్టు, తెలిసినందువల్ల ఒరిగిందేమీ లేదన్నట్టు.

డిటెక్టివ్ మనసు అప్పటికే ఇంకో లెక్కలో పడింది. ఎనిమిది రోజులు. తర్వాత మూడు. మూడోసారి గాజు పెట్టే మనిషి లేడు. మంగళవారం దాటి మూడు రోజులైంది.

"గాజులు ఎన్ని పెట్టాడు?" అని చిన్న మేస్త్రిని అడిగింది.

"తొమ్మిదండీ. బయట నాలుగు. లోపల అయిదు."

"లోపలెక్కడ?"

"సరిగ్గా కింద. మూడో అంతస్తులో, మెట్ల పక్క గోడకి. పగులు బయటనుంచి లోపలికి పోయిందేమో చూడాలన్నాడు."

"అవి విరిగాయా?"

"చూడలేదండీ. అన్న పోయాక ఎవరూ చూడలేదు."

ఆమె పరుగెత్తింది. మోకాలి సంగతి గుర్తులేదు. వెనక ఇన్‌స్పెక్టర్ బూట్ల చప్పుడు వినబడుతోంది. మూడో అంతస్తు మలుపులో గోడకి అయిదు గాజుపట్టీలు, నిచ్చెన మెట్లలా ఒకదాని కింద ఒకటి. అయిదూ విరిగి ఉన్నాయి. పై నాలుగూ సన్నగా చీలాయి. అడుగుదాని రెండు ముక్కల మధ్య ఆమె చిటికెన వేలు పట్టింది. పగులు అంచు తెల్లగా, తాజాగా ఉంది. ఇంకా దుమ్ము పట్టలేదు.

మెట్లకి అటువైపు హాల్లోంచి కుట్టుమిషన్ల చప్పుడు వినిపిస్తోంది. ఒకటీ రెండూ కాదు.

"లోపల ఎంతమంది?" అడిగింది.

"నలభై, నలభై అయిదుగురు ఉంటారు. ఆడవాళ్ళే." ఇన్‌స్పెక్టర్ ఫోన్ తీశాడు. "ఖాళీ చేయించాలంటే భవనాల శాఖ ఆర్డరు కావాలి. ఆర్డరు లేకుండా నేను…"

"ఈసారి కూడా తలెత్తకు," అంది ఆమె. "కింద చూసి రాసుకో."

అతను ఫోన్ చెవి దగ్గర పెట్టుకోబోయి, ఆగి, జేబులో వేసుకున్నాడు. "పద అక్కా," అన్నాడు. అన్నానని అతనికే తెలిసినట్టు లేదు. ఆమె కూడా విననట్టే ఊరుకుంది. ఆ మాటకి లెక్క తేల్చే సమయం కాదు.

హాలు తలుపు పాతకాలపు దొడ్డ చెక్క తలుపు. ఆమె రెండు చేతులతో నెట్టింది. కదల్లేదు. అరచేత్తో బాదింది. లోపల మిషన్లు ఒక్కొక్కటే ఆగాయి.

"ఎవరూ?" ఆడగొంతు ఒకటి పలికింది. "గట్టిగా తొయ్యండి. గడియ వెయ్యలేదు."

ఇన్‌స్పెక్టర్ భుజం ఆనించి తోశాడు. వెనక్కి తగ్గి, ఊపు తీసుకుని మళ్ళీ గుద్దాడు. పైనుంచి సున్నం అతని టోపీ మీద రాలింది. తలుపు ఇంచీ కూడా జరగలేదు.

డిటెక్టివ్ తల పైకెత్తి చూసింది. తలుపు నిటారుగానే ఉంది. పైన చట్రమే ఒక పక్కకి ఒరిగి, తలుపు నెత్తిన కూర్చుంది.

"ఇంకో దారుందా?" గట్టిగా అడిగింది.

"లేదండీ, ఇదొక్కటే. ఏమైంది?"

"ఏం కాలేదు. అందరూ మిషన్లు వదిలేసి, వీధివైపు గోడకి దూరంగా జరగండి. ఇద్దరు ముగ్గురు ఇటొచ్చి తలుపుని మీ వైపు లాగండి."

లోపల కుర్చీలు జరిగాయి. చాలా పాదాలు ఒక్కసారి కదిలిన చప్పుడుకి, తన కాళ్ళ కింద మెట్టు సన్నగా అదిరినట్టనిపించింది ఆమెకి. తలుపు అవతల రొప్పులు. ఎవరో "ఇంకొంచెం, ఇంకొంచెం" అంటున్నారు. తర్వాత ఆ మాట కూడా ఆగిపోయింది.

"రావట్లేదండీ," అంది ఆ గొంతు. ఈసారి తలుపుకి బాగా దగ్గరగా, నెమ్మదిగా, మిగతావాళ్ళకి వినబడకూడదన్నట్టు. "పొద్దున ఎనిమిదింటికి నేనే తీశాను. ఒక్క వేలితో తెరుచుకుంది."